ప్లూటో నీడ మన జిల్లాల మీదుగా వెళ్ళే రాత్రి ఏం చేయాలి

ప్లూటో మనకు ఐదు వందల కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. మన డాబాల మీద ఎంత మంచి టెలిస్కోప్ పెట్టినా అది ఒక చుక్కే. కానీ ఆ చుక్క ఎంత పెద్దదో, దానికి గాలి ఉందో లేదో నేల మీద నుంచే కొలిచే దారి ఒకటి ఉంది. ప్లూటో తన దారిన పోతూ అప్పుడప్పుడు ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రానికి అడ్డం వస్తుంది. కాసేపు ఆ నక్షత్రం మరుగున పడుతుంది. ఏ క్షణాన మరుగైంది, ఏ క్షణాన మళ్ళీ బయటపడింది అనే రెండు టైములు కచ్చితంగా పట్టుకుంటే మీరు ప్లూటోని కొలిచినట్టే. దీన్ని ఆకల్టేషన్ అంటారు.

నేను కావలిలో సీసీ కెమెరాలు బిగిస్తాను. ఆకాశం మీద ఇష్టం చిన్నప్పటి నుంచి ఉంది గానీ, ఈ పని నా చేతికి అబ్బింది మాత్రం కెమెరాల వల్లే. దీంట్లో టెలిస్కోప్ పెద్దదా చిన్నదా అన్నదానికన్నా ముందు రెండు విషయాలు చూసుకోవాలి. గడియారం సరిగ్గా ఉందా, కెమెరా నిజం చెబుతోందా. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

నీడ ఎటు నుంచి వస్తుంది

నక్షత్రం కాంతి అంత దూరం నుంచి వచ్చేసరికి సమాంతర కిరణాలుగా వస్తుంది. అందుకే ఆ కాంతిలో ప్లూటో నీడ భూమ్మీద పడితే, నీడ వెడల్పు ప్లూటో వెడల్పంతే ఉంటుంది. అంటే 2,377 కిలోమీటర్లు. సూర్యగ్రహణంలాగా చీకటేమీ కమ్మదు. ఆ ఒక్క నక్షత్రం వెలుగు మాత్రమే మనకు అందకుండా పోతుంది. అదీ దాని మీదే కన్నేసి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

జులై, ఆగస్టు నెలల్లో ప్లూటో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటుంది. అప్పుడు భూమి దాన్ని దాటుకుని ముందుకు పోతూ ఉంటుంది కాబట్టి నీడ తూర్పు నుంచి పడమరకు, సెకనుకు సుమారు 24 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చి, మైపాడు దగ్గర ఒడ్డు దాటి, ఉదయగిరి కొండల మీదుగా లోపలికి పోతుంది. మైపాడులో నక్షత్రం మాయమైన సుమారు నాలుగు సెకన్లకు ఉదయగిరిలో మాయమవుతుంది. నీడ నడిమధ్యలో ఉన్నవాళ్ళకు మొత్తం వంద సెకన్ల దాకా నక్షత్రం కనబడదు. అంచుకు దగ్గరగా ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువ.

ఇందులో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు కలిసొచ్చే సంగతి ఒకటి ఉంది. స్కూల్లో వృత్తాల పాఠంలో జ్యా గుర్తుందా? ఒక్కో మనిషి పట్టుకున్న టైమును నీడ వేగంతో గుణిస్తే ప్లూటో వృత్తంలో ఒక జ్యా పొడవు వస్తుంది. నీడ పోయే దారిలోనే ఒకరి వెనక ఒకరు ఇద్దరు నిలబడితే ఇద్దరికీ ఒకే జ్యా దొరుకుతుంది. దారికి అడ్డంగా, అంటే ఉత్తర దక్షిణాలుగా సర్దుకుంటే ఒక్కొక్కరికీ ఒక్కో జ్యా. మన 16వ నంబరు జాతీయ రహదారి నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరానికే పోతుంది. నెల్లూరుకీ ఒంగోలుకీ అక్షాంశంలో తేడా ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ, సుమారు 118 కిలోమీటర్లు. నలుగురు మిత్రులు ఉంటే ఈ హైవే పొడుగునా నాలుగు చోట్ల దిగొచ్చు. పెద్ద అబ్జర్వేటరీ కట్టిన చోటు నుంచి కదలదు. మనం కదలగలం. నీడ అంచు కావలికి ఉత్తరాన పడుతుందని తెలిస్తే బండి కట్టుకుని ఒంగోలు పోవచ్చు. మామూలు మనుషులు ఈ పనిలోకి దిగడానికి నాకు కనబడే అసలు కారణం ఇదే. మనం ఆ రాత్రి నిలబడ్డ చోటు నుంచి దొరికే జ్యా ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదు.

మన దేశంలో ఇది కొత్త కూడా కాదు. 2020 జూన్ 6న నైనిటాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్లు, 1.3 మీటర్ల టెలిస్కోపులతో ప్లూటో ఒక నక్షత్రాన్ని కప్పడం రికార్డు చేశారు. ప్లూటో మీద గాలి ఒత్తిడి సుమారు 12 మైక్రోబార్లని, అంటే మన గాలి ఒత్తిడిలో లక్షో వంతుకు కాస్త ఎక్కువని అందులోంచి లెక్క తేలింది.

ఏ గ్రహం, ఏ నెల

అంతర్జాతీయ ఖగోళ సంఘం గుర్తించిన మరుగుజ్జు గ్రహాలు ఐదు. సెరెస్, ప్లూటో, హౌమియా, మాకేమాకే, ఎరిస్. మన వాతావరణం లెక్కలో వీటన్నిటికీ ఒకే అవకాశం లేదు.

ప్లూటో ఇప్పుడు మకర రాశిలో ఉంది. దక్షిణానికి వాలి ఉంటుంది కాబట్టి యూరప్ వాళ్ళకు దిగంతానికి దగ్గరగా, పొగమంచులో కనబడుతుంది. మనకు నెల్లూరులో మధ్యాహ్న రేఖ (ఆకాశాన్ని తూర్పు, పడమర సగాలుగా చీల్చే ఉత్తర దక్షిణ గీత) దాటేటప్పుడు 52 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అది మంచి ఎత్తు. చిక్కల్లా అది అర్ధరాత్రి నెత్తిన ఉండే నెలల్లో మనకు నైరుతి మబ్బులు ఉంటాయి. మనకు అసలు వానలు అక్టోబరు తర్వాతే గానీ, జులైలో కూడా మబ్బు మాత్రం తప్పదు. మే, జూన్ నెలల్లో తెల్లవారుజామున జరిగే వాటిని వదులుకోకండి. అప్పుడు ఆకాశం ఇంకా నిలకడగా ఉంటుంది.

మాకేమాకే మార్చి ఆఖర్లో, హౌమియా ఏప్రిల్‌లో సూర్యుడికి ఎదురుగా వస్తాయి. మనకు ఏడాదిలో శుభ్రమైన రాత్రులు దాదాపు అవే. పైగా హౌమియా మన అక్షాంశానికి ఇంచుమించు నడినెత్తిన వెళుతుంది. అయితే ఈ రెండూ కప్పే నక్షత్రాలు చాలాసార్లు బాగా మసకగా ఉంటాయి. 2017 జనవరి 21న హౌమియా కప్పిన నక్షత్రాన్ని యూరప్‌లో పెద్ద టెలిస్కోపులతో చూసినప్పుడే దాని చుట్టూ వలయం ఉన్నట్టు బయటపడింది. ఎరిస్ అక్టోబరులో వస్తుంది, అంటే మనకు వాయుగుండాల కాలం. ఎరిస్ ప్లూటో కన్నా పెద్దదని చాలా ఏళ్ళు అనుకున్నారు. 2010 నవంబరు 6న అది ఒక నక్షత్రాన్ని కప్పడం చిలీ దేశం నుంచి చూశాకే దాని వ్యాసం 2,326 కిలోమీటర్లని, ప్లూటో కన్నా ఒక పిసరు చిన్నదని తేలింది.

సెరెస్ దగ్గరగా, కాంతివంతంగా ఉంటుంది. కొత్తవాళ్ళకు అదే సులువు అనిపిస్తుంది. నిజానికి అదే ఇబ్బంది. ఖగోళంలో మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. సెరెస్ 8వ మాగ్నిట్యూడ్‌లో ఉండి 10వ మాగ్నిట్యూడ్ నక్షత్రాన్ని కప్పితే, రెండూ కలిసిన వెలుగులో నూటికి 14 వంతులే తగ్గుతుంది. అదే 14.4 మాగ్నిట్యూడ్ ప్లూటో 13వ మాగ్నిట్యూడ్ నక్షత్రాన్ని కప్పితే నూటికి 78 వంతులు తగ్గుతుంది. కంటికే తెలిసిపోతుంది. అందుకని మొదటి లక్ష్యంగా ప్లూటోనే పెట్టుకోండి.

ఎప్పుడు ఏది జరుగుతుందో ఎలా తెలుస్తుంది? పారిస్ కేంద్రంగా నడిచే లక్కీ స్టార్ ప్రాజెక్టు వాళ్ళు దూరపు గ్రహాల నీడల దారులు మ్యాపులుగా పెడతారు. ఆకల్ట్ వాచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే మీ దగ్గరగా పోయే నీడలన్నీ అదే ఏరి చూపిస్తుంది. ఎవరెవరు ఎక్కడ నిలబడబోతున్నారో కూడా అందులో చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ప్లూటో స్థానంలో ఆర్క్ సెకనులో (అంటే డిగ్రీలో 3,600వ భాగంలో) పదో వంతు పొరపాటు ఉంటే నీడ రెండు వేల కిలోమీటర్ల పైగా పక్కకు జరుగుతుంది. గయా ఉపగ్రహం నక్షత్రాల స్థానాలు చాలా సూక్ష్మంగా ఇచ్చాక ఈ లెక్కలు బాగా కుదురుకున్నాయి. అయినా ఆఖరి వారంలో లెక్క మారొచ్చు. బయల్దేరే ముందు రోజు మ్యాపు మళ్ళీ చూడండి. నక్షత్రం 14వ మాగ్నిట్యూడ్ లోపు ఉంటే 8 అంగుళాల టెలిస్కోప్‌తో ధైర్యంగా దిగొచ్చు. 15 దాటితే ఇంకా పెద్ద అద్దం ఉన్నవాళ్ళతో కలవండి.

కెమెరా

సీసీ కెమెరానే టెలిస్కోప్‌కి తగిలిస్తే పోదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఈ కారణం తెలిస్తే ఏ కెమెరా కొన్నా సెట్టింగులు మీరే పెట్టుకోగలరు.

రాత్రిపూట బొమ్మ శుభ్రంగా కనబడటానికి సీసీ కెమెరాలో 3డీ డీఎన్ఆర్ అనే ఏర్పాటు ఉంటుంది. ఇప్పటి ఫ్రేమును అంతకుముందు ఫ్రేములతో కలిపి సగటు తీసి, తెర మీద గరగర తగ్గిస్తుంది. గేటు దగ్గర నిలబడ్డ మనిషి ముఖం చూడటానికి అది మంచిదే. నక్షత్రం దగ్గర మాత్రం మోసం చేస్తుంది. నక్షత్రం ఆరిపోయాక కూడా పాత ఫ్రేముల వెలుగు ఇంకా కొన్ని ఫ్రేముల్లో మిగిలి ఉంటుంది. ఠక్కున ఆరింది కాస్తా మెల్లగా ఆరినట్టు రికార్డవుతుంది. ప్లూటోకి గాలి ఉందని మనకు చెప్పేదే ఆ మెల్లగా ఆరడం. చందమామకు గాలి లేదు కాబట్టి దాని అంచున నక్షత్రం స్విచ్ ఆపినట్టు పోతుంది. ప్లూటో చుట్టూ పలుచని నైట్రోజన్ గాలి కాంతిని వంచుతుంది కాబట్టి రెగ్యులేటర్ తగ్గించినట్టు కొన్ని సెకన్ల పాటు దిగుతూ పోతుంది. 1988 జూన్ 9న ప్లూటో గాలి ఖాయమైంది ఇలా దిగిన గీత చూసే. కెమెరా తనంతట తాను ఆ వంపును పుట్టిస్తే ఇక కొలిచేదేముంది?

ఆటో గెయిన్, అంటే సిగ్నల్‌ను కెమెరా తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు, ఇంకో దొంగ. నక్షత్రం మసకబారగానే కెమెరా గెయిన్ పెంచేసి ఆ తగ్గుదలను పూడ్చేస్తుంది. హెచ్ డాట్ 264 లాంటి కంప్రెషన్ మూడోది. దాని దృష్టిలో మసక చుక్క అనవసరమైన వివరం, తీసిపారేస్తుంది. కాబట్టి ఆస్ట్రానమీ కోసం చేసిన బ్లాక్ అండ్ వైట్ సీమాస్ కెమెరా కావాలి. గైడ్ కెమెరాలుగా అమ్మేవి కూడా పనికొస్తాయి. షార్ప్‌క్యాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గెయిన్, ఎక్స్‌పోజర్ రెండూ చేత్తో పెట్టి కదలకుండా ఉంచండి. 16 బిట్, ఎస్ఈఆర్ లేదా ఫిట్స్ ఫైలు, కంప్రెషన్ వద్దు. గామా లాంటివన్నీ మామూలు స్థితిలో ఉంచండి.

ఎక్స్‌పోజర్ ఎంత పెట్టాలి అన్నది బేరం లాంటిదే. సెకను పెడితే నక్షత్రం బాగా కనబడుతుంది గానీ, ఆ సెకనులో నీడ 24 కిలోమీటర్లు పోతుంది. అంతకన్నా సన్నటి వివరం మీకు దొరకదు. అర సెకను పెడితే 12 కిలోమీటర్లు. 13వ మాగ్నిట్యూడ్ నక్షత్రానికి 8 అంగుళాల టెలిస్కోప్‌తో అర సెకను దగ్గర మొదలుపెట్టి, ముందు రాత్రే అదే నక్షత్రం మీద పరీక్షించి తేల్చుకోండి.

మన వేడి గురించి కూడా ఆలోచించాలి. మే నెలలో కావలిలో రాత్రి రెండింటికి కూడా ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది. సెన్సర్ వేడెక్కి తెల్ల చుక్కలు పుడతాయి. అవి అచ్చం నక్షత్రాల్లాగే ఉంటాయి. రికార్డింగ్ అవగానే టెలిస్కోప్‌కి మూత పెట్టి, అదే గెయిన్, అదే ఎక్స్‌పోజర్‌తో డార్క్ ఫ్రేములు (చీకటి ఫొటోలు) కొన్ని తీసుకోండి. ఆ తెల్ల చుక్కలను తర్వాత ఏరి తీసేయడానికి అవే ఆధారం.

గడియారం

నేను వెళ్ళే చాలా షాపుల్లో డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డు పెట్టె) గడియారం నిమిషాల తేడాతో నడుస్తూ ఉంటుంది, ఎవరికీ పట్టదు. ఇక్కడ పదో వంతు సెకను తేడా వచ్చినా నీడ 2.4 కిలోమీటర్లు జరిగినట్టు లెక్క. గ్రహశకలం కప్పే చిన్న ఆకల్టేషన్‌కి అది చాలా పెద్ద తప్పు.

అన్నిటికన్నా మంచిది జీపీఎస్‌తో ప్రతి ఫ్రేము మీద టైము వేసే ఏర్పాటు. క్యూహెచ్‌వై 174 జీపీఎస్ లాంటి కెమెరాలో అది లోపలే ఉంటుంది. అది ఖరీదు. మామూలు కెమెరా అయితే ల్యాప్‌టాప్ గడియారాన్నే సరిగ్గా ఉంచాలి. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ మన భారత ప్రామాణిక సమయాన్ని నడుపుతుంది, ఇంటర్నెట్‌లో ఎన్‌టీపీ సర్వర్లు (నెట్ ద్వారా కంప్యూటర్లకు సరైన టైము ఇచ్చేవి) కూడా పెట్టింది. మీన్‌బర్గ్ ఎన్‌టీపీ లాంటి ప్రోగ్రాం వేసి, రికార్డింగ్‌కి కనీసం రెండు మూడు గంటల ముందు నుంచి నడవనివ్వండి. విండోస్‌లో ఉన్న సింక్ బటన్ ఒకసారి నొక్కి ఊరుకుంటే చాలదు. ఫోన్ హాట్‌స్పాట్ సిగ్నల్ ఊగిసలాడే మెట్ట ఊళ్ళలో యూఎస్‌బీ జీపీఎస్ రిసీవర్ నయం, సెకనుకొక పల్స్ ఇచ్చేదైతే మరీ నయం.

జీపీఎస్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. జీపీఎస్ తన సొంత టైము వేరే నడుపుతుంది. 2017 జనవరి 1 నుంచి అది ప్రపంచ ప్రామాణిక సమయానికి 18 సెకన్లు ముందుంది. ఆ తేడా ఎంతో ఉపగ్రహమే రిసీవర్‌కి చెబుతుంది, కానీ ఆ పూర్తి సందేశం ఒకసారి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అప్పుడే ఆన్ చేసిన రిసీవర్ చూపించే టైము సెకన్లలో తప్పు ఉండొచ్చు. పైకప్పు లేని చోట పెట్టి ఇరవై నిమిషాలైనా వదిలేయండి, తర్వాతే నమ్మండి.

ల్యాప్‌టాప్‌లో ఫ్రేములు జారిపోవడం ఇంకో టెన్షన్. ఎస్ఎస్‌డీ డిస్కుకే రికార్డు చేయండి. యూఎస్‌బీ 3 కేబుల్ పొట్టిగా, గట్టిగా ఉండాలి. యాంటీవైరస్, అప్‌డేట్లు, స్క్రీన్ ఆరిపోయే సెట్టింగు అన్నీ ఆపేయండి. షార్ప్‌క్యాప్‌లో జారిన ఫ్రేముల లెక్క కింద కనబడుతుంది. అది సున్నా దగ్గరే ఉండాలి.

చోటు

తీరం పక్కన తేమ ఎక్కువ. మంచు అద్దం మీద దిగుతుంది. పైగా రొయ్యల గుంటల గట్ల మీద రాత్రంతా లైట్లు వెలుగుతుంటాయి, ఏరియేటర్లు ఆపమని రైతును అడగలేం, అడగకూడదు. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల దీపాలు. పడమటి మెట్ట బాగుంటుంది. ఉదయగిరి, సీతారామపురం, పామూరు, కనిగిరి చుట్టుపక్కల చీకటి ఇంకా చీకటిగానే ఉంది. నీడ దారి మధ్యలో ఎక్కడైనా ఒకటే అనుకుంటే నేను మెట్టకే పోతాను.

ఉత్తర దిక్కు తెరిపిగా ఉండాలి. 13వ మాగ్నిట్యూడ్ నక్షత్రానికి అర సెకను ఎక్స్‌పోజర్ కావాలంటే టెలిస్కోప్ ఆకాశంతో పాటు తిరగాలి, అంటే ఈక్వటోరియల్ మౌంట్. దాన్ని ధ్రువ నక్షత్రానికి ఎక్కుపెట్టాలి. మనకు ధ్రువుడు పద్నాలుగు, పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఒక వేపచెట్టు, పక్కింటి నీళ్ళ ట్యాంకు చాలు మరుగైపోవడానికి. చోటు వెతకడానికి పగలు పోయినప్పుడు ముందు ఉత్తరం చూడండి.

ఊరివాళ్ళకు చెప్పకుండా పొలాల్లో దిగొద్దు. బోరు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి తీగ పోతున్న కాలం. పైగా కోటలు, పాత గుళ్ళు ఉన్న చోట రాత్రి ఎవరైనా సామాన్లతో కనబడితే గుప్తనిధులకే వచ్చారనుకుంటారు. కనిగిరి అవతల ఒక రాత్రి టార్చిలైట్లతో నలుగురు వచ్చి "ఏందన్నా, ఈడ గొట్టం పెట్టుకొని కూసున్నారు?" అని నిలదీశారు. శనిగ్రహం వలయం చూపించాక ఒకాయన ఇంటికి పోయి మజ్జిగ తెచ్చాడు. ఆ తర్వాత నుంచి ఎక్కడికెళ్ళినా సాయంత్రమే సర్పంచినో, ఊరి పెద్దనో కలిసి, దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఒక మాట చెప్పి వస్తున్నాను. చేలో కూర్చునేటప్పుడు బూట్లు వేసుకోండి, పాముల సంగతి తెలిసిందే. కరెంటుకి ఇన్వర్టర్ బ్యాటరీ చాలు, ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్ ఉండాలి. అద్దం మీద మంచుకు హెయిర్ డ్రైయర్.

సాధన

ప్లూటో రాత్రి మొదటిసారి కెమెరా తీసేవాళ్ళకు ఏమీ దక్కదు. ముందు చందమామ మీద చేయండి. మొదటి తరగతి వెలుగున్న నక్షత్రాల్లో చందమామ కప్పగలిగేవి నాలుగే. రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. నాలుగూ మన పంచాంగంలో ఉన్నవే. అవి లేనప్పుడు స్టెల్లేరియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో మామూలు నక్షత్రాలు ఏవి మరుగవుతాయో చూసుకోండి. శుక్లపక్షంలో చందమామ చీకటి అంచు ముందుకు పోతుంది కాబట్టి నక్షత్రం ఆ చీకట్లోకి పోవడం తేలిగ్గా దొరుకుతుంది.

అది చేతికొచ్చాక గ్రహశకలాలు. వాటి నీడలు తరచుగా మన జిల్లాల మీదుగా పోతుంటాయి. ఆకల్ట్ వాచర్‌లో చూడండి. ల్యాప్‌టాప్ తెర మీద నాలుగైదు చుక్కలు వణుకుతూ ఉంటాయి. మధ్యలో మన నక్షత్రం. చెప్పిన నిమిషం వస్తుంది, పోతుంది, ఏమీ కాదు. ఇక లేదులే అనుకుంటుండగా మధ్య చుక్క ఉండదు. పక్కవి అన్నీ ఉంటాయి. మూడు సెకన్లో నాలుగు సెకన్లో అంతే, మళ్ళీ అక్కడే, ఏమీ ఎరగనట్టు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ నాలుగు సెకన్లు ఊపిరి ఆడదు. ఎవరూ దగ్గరికి పోని రాయి ఒకటి ఇప్పుడే నా మీదుగా వెళ్ళిందని ఒళ్ళు తెలుసుకుంటుంది.

ఆ రాత్రి

రెండు మూడు రాత్రుల ముందే అదే నక్షత్రాన్ని వెతికి పట్టుకోండి. ఆస్టాప్ లాంటి ప్లేట్ సాల్వింగ్ ప్రోగ్రాం ఫొటో చూసి టెలిస్కోప్ ఎక్కడ గురిపెట్టి ఉందో చెప్పేస్తుంది. ప్లూటో ముందు రోజు ఆ నక్షత్రానికి ఒకటిన్నర ఆర్క్ నిమిషాల దగ్గరలో విడిగా కనబడుతుంది. రెండూ విడివిడిగా ఉన్న ఫొటో తీసి ఉంచండి. ప్లూటో వెలుగెంత, నక్షత్రం వెలుగెంత అన్నది తర్వాత లెక్కకు తప్పనిసరిగా కావాలి.

ఫ్రేములో మన నక్షత్రంతో పాటు కనీసం ఇంకో రెండు మూడు నక్షత్రాలు ఉండేలా చూసుకోండి. సన్నటి మబ్బు వస్తే అన్నీ మసకబారతాయి. ప్లూటో వస్తే ఒక్కటే. ఆ పక్క నక్షత్రాలు లేకపోతే తర్వాత ఎవరికీ ఏదీ నిరూపించలేరు.

చెప్పిన టైముకి చాలా ముందే రికార్డింగ్ మొదలుపెట్టండి. ఇరవై నిమిషాల ముందు, ఇరవై నిమిషాల తర్వాత. డిస్కు నిండుతుందని జంకొద్దు. 1977 మార్చి 10న తమిళనాడులోని కావలూరులో జె.సి. భట్టాచార్య బృందం ఒక మీటరు టెలిస్కోప్‌తో యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పడం చూడటానికి సిద్ధమైంది. అసలు ఘట్టం కన్నా ముందే నక్షత్రం వెలుగు ఉన్నట్టుండి తగ్గి మళ్ళీ వచ్చింది. అదే రాత్రి అమెరికా వాళ్ళు విమానంలో పెట్టిన టెలిస్కోప్‌లోనూ అలాంటివే వరుసగా పడ్డాయి. యురేనస్‌కి వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసింది అలా. చెప్పిన నిమిషానికే మీట నొక్కి ఉంటే అవి దొరికేవి కావు.

ప్లూటో నీడ నడిగీతకు దగ్గరగా ఉంటే మధ్యలో కూడా కళ్ళు తిప్పకండి. ప్లూటో గాలి అన్ని వైపుల నుంచి కాంతిని వంచి నీడ నడిమికి చేర్చడం వల్ల సరిగ్గా మధ్యలో ఒక క్షణం వెలుగు పైకి లేచి పడుతుంది. కొన్ని పదుల కిలోమీటర్లు పక్కకు జరిగినా అది పలుచబడిపోతుంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ వేరువేరుగా నిలబడటం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

ఏదీ ముట్టుకోకండి. మౌంట్ కొంచెం జారినా ఫర్వాలేదు, నక్షత్రం ఫ్రేములో ఉన్నంతసేపు సరిచేయకండి.

తర్వాత

టాంగ్రా, పైమూవీ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. వాటిలో నక్షత్రం మీద, పక్క నక్షత్రాల మీద గుండ్రాలు పెడితే ఫ్రేము ఫ్రేముకి వెలుగు కొలిచి గీత గీస్తాయి. ఆ గీత పడిపోయిన చోట, లేచిన చోట టైము తీసుకోవాలి. లెక్క పూర్తిగా చేతకాకపోయినా ఫర్వాలేదు. అసలు ఫైలు, డార్క్ ఫ్రేములు, ముందు రోజు ఫొటోలు రిపోర్టుతో పాటు పంపితే లెక్క తేల్చేవాళ్ళు లక్కీ స్టార్ లాంటి బృందాల్లో ఉన్నారు.

రిపోర్టులో మీరు నిలబడ్డ చోటు అక్షాంశం, రేఖాంశం, సముద్ర మట్టం నుంచి ఎత్తు, టెలిస్కోప్ అద్దం సైజు, కెమెరా పేరు, ఎక్స్‌పోజర్, టైము ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఆకాశం ఎలా ఉంది అన్నవి రాయాలి. టైము ప్రపంచ ప్రామాణిక సమయంలో రాయాలి, మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి. దీంతో తేదీ కూడా మారుతుందని చూసుకోండి. మనకు 7వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలంటే రిపోర్టులో 6వ తేదీ రాత్రి 8 గంటల 40 నిమిషాలు, అంటే 20:40.

నక్షత్రం అస్సలు ఆరకపోతే? అదీ పంపండి. ఒంగోలులో ఆరి, నెల్లూరులో ఆరకపోతే నీడ అంచు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉన్నట్టు. ఆరనివాడి రికార్డు లేకపోతే ఆ అంచు ఎక్కడో ఎవరికీ తెలియదు. మబ్బు పట్టి ఏమీ కనబడకపోతే దాన్ని మాత్రం ఆరలేదని రాయకూడదు. మబ్బు అని రాయాలి.

అసలు ఫైళ్ళు రెండు డిస్కుల్లో దాచండి, పేరులో ఆ ప్రామాణిక తేదీ పెట్టండి. నెప్ట్యూన్‌కి అవతల తిరిగే క్వావార్ అనే చిన్న లోకం చుట్టూ వలయం ఉందని 2023లో ప్రకటించారు. దానికి ఆధారం 2018 నుంచి 2021 దాకా వేరువేరు రాత్రుల్లో తీసిన రికార్డులు. వాటిలో ఆస్ట్రేలియాలోని ఔత్సాహికులు తీసినవీ ఉన్నాయి. మీ ఫైలు మీద కూడా ఎవరైనా కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పని చేయాల్సి రావచ్చు. అప్పుడు వాళ్ళకు గీత బొమ్మ చాలదు, ప్రతి ఫ్రేమూ కావాలి.